ఐసీ మార్చే ముందు... వూఫర్ ప్రశ్నలకు జవాబులు

ఈసారి హోమ్ థియేటర్ వూఫర్ల మీద వచ్చిన ఉత్తరాలే తీసుకున్నాం. పెట్టె విప్పే పనులు మీటరు పట్టడం, టంకం పెట్టడం వచ్చినవాళ్ళకే. ప్లగ్గు పీకాక కూడా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచే ఉంటుంది. వాటి రెండు కాళ్ళ మీద 100 ఓములు, 5 వాట్ల రెసిస్టర్‌ను ఓ ఐదు సెకన్లు ఆనించి, మీటరులో 2 వోల్టుల లోపు చూశాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవరుతో నిప్పురవ్వ తెప్పించే అలవాటు మానుకోండి, కెపాసిటర్ కాళ్ళు లోపల ఊడిపోవచ్చు. బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ లేని ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) బోర్డుల్లో మెయిన్ కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా ఉంటుంది. దానికి ఈ రెసిస్టర్ పనికిరాదు, హోల్డరులో బిగించిన 15 వాట్ల ఫిలమెంట్ బల్బు తీగలు ఆనించండి.

పదంగుళాల యాక్టివ్ (ఆంప్లిఫయర్ లోపలే ఉన్న) సబ్‌వూఫర్ కొని ఆరేళ్ళయింది. ఎర్ర లైటు వెలుగుతుంది గానీ పాట పెట్టినా పచ్చగా మారదు. ఒక్కోసారి పది నిమిషాలకు దానంతటదే లేస్తుంది. బోర్డంతా మార్చాలని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా? (భీమవరం)

అక్కర్లేదనే అనుకోవాలి. పది నిమిషాలకు లేస్తోందన్న మాటతోనే సగం రోగం తెలిసిపోయింది. ఆంప్లిఫయర్ బతికే ఉంది, దాన్ని నిద్ర లేపే భాగం నీరసపడింది.

మూత విప్పకుండా చేసే పరీక్ష ఒకటుంది. వెనక పలక మీద ఆటో, ఆన్ అని చిన్న స్విచ్చి ఉంటుంది, దాన్ని ఆన్‌కి జరపండి. వెంటనే లేచి మామూలుగా మోగితే, సిగ్నల్‌ను కనిపెట్టే సర్క్యూట్ పాడై ఉండాలి, లేదా వచ్చే సిగ్నలే చాలకపోతూ ఉండాలి. రెండోదైతే పైసా ఖర్చు లేదు. వూఫర్ వెనకున్న గెయిన్ (సౌండు పెంచే నాబ్) కొంచెం తగ్గించి, రిసీవర్ మెనూలో సబ్‌వూఫర్ లెవెల్ ఆ మేరకు పెంచండి. మోత అంతే ఉంటుంది, తీగలో వచ్చే సిగ్నల్ మాత్రం బలపడుతుంది. పిల్లలు పడుకున్నాక చిన్న సౌండుతో సినిమా చూసే ఇళ్ళలో ఈ గొడవ మరీ ఎక్కువ.

ఆన్‌లో పెట్టినా లేవకపోతే ప్లగ్గు పీకి వెనక పలక విప్పాలి. లాగేటప్పుడు స్పీకర్ తీగలు తెగకుండా చూసుకోండి. ఏ తీగ ప్లస్సో ముందే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. లోపల అందరి కళ్ళూ పెద్ద కెపాసిటర్ల మీదకే పోతాయి. అసలు దొంగలు చిన్నవి: 10, 47, 100, 220 మైక్రోఫారడ్లవి. ఎందుకో చూడండి. ఈ సైజు ఆంప్లిఫయర్లో పవర్ భాగానికి ప్లస్ 40, మైనస్ 40 వోల్టులు వెళుతుంటే, ముందుండే టీఎల్ 072 లాంటి ఐసీలకు ప్లస్ 15, మైనస్ 15 చాలు. మిగతా 25 వోల్టులనూ చాలా బోర్డుల్లో ఒక రెసిస్టరు, ఒక జీనర్ డయోడు (వోల్టేజిని ఒకే చోట నిలిపేది) పెట్టి వేడిగా కాల్చేస్తారు. 25 మిల్లీ ఆంపియర్లు పారితే 1 కిలో ఓము రెసిస్టర్‌లో 0.6 వాటుకు పైగా వేడి పుడుతుంది. అలాంటివి రెండు, పక్కనే రెండు జీనర్లు, గాలాడని పెట్టెలో, స్టాండ్‌బైలో ఉన్నా రాత్రింబవళ్ళు కాలుతూనే ఉంటాయి. ఆ చోట బోర్డు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది, వెతకనక్కర్లేకుండా కనిపిస్తుంది.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ సగానికి పడిపోతుంది. ఒంటి మీద 85 డిగ్రీలు అని ఉన్న, 2000 గంటల రకం కెపాసిటర్ ఆ రెసిస్టర్ పక్కన 65 డిగ్రీల్లో ఉందనుకోండి, దాని లెక్క 8000 గంటలు. ఏడాదికి ఉన్నవి 8760 గంటలు. అదే చోట 105 డిగ్రీల రకం ఉంటే 32,000 గంటలు, అంటే మూడున్నరేళ్ళ పైమాటే. ఆ గడియకే చస్తుందని కాదు గానీ, ఎండిపోవడం అక్కడి నుంచి మొదలవుతుంది. స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంచే వూఫర్ ఆరేళ్ళు నడిచిందంటే దాని బాకీ అది తీర్చేసినట్టే.

నిర్ధారణకు హెయిర్ డ్రయ్యర్ చాలు. వూఫర్ ఆపి, ప్లగ్గు పీకి, ఆ చిన్న కెపాసిటర్ల మీద ఒకటి రెండు నిమిషాలు వేడిగాలి కొట్టి, పలక మూసి మళ్ళీ ఆన్ చెయ్యండి. పది నిమిషాలు ఆగకుండా టక్కున లేస్తే కెపాసిటర్లే. ఆ చుట్టుపక్కల ఉన్న ఆరో ఎనిమిదో అన్నీ ఒకేసారి మార్చండి, ఒక్కటి మార్చి ఊరుకుంటే మిగతావి నెలనెలా పిలుస్తాయి. విలువ అదే ఉండాలి, వోల్టేజి అంతే గానీ ఒక మెట్టు ఎక్కువ గానీ (25 చోట 35), రకం 105 డిగ్రీలది. కాలిన రెసిస్టర్ల చోట అవే ఓములతో 2 లేదా 3 వాట్లవి, బోర్డుకు అర సెంటీమీటరు పైకి లేపి టంకం పెట్టండి. జీనర్లు 15 వోల్టులు, 1 వాటువి, అంటే 1ఎన్ 4744. ఐసీల కాళ్ళ దగ్గర ప్లస్ 15, మైనస్ 15 రెండూ దాదాపు సమానంగా వస్తున్నాయో లేదో కొలవండి. ఈ సామాను ఖర్చు కొత్త బోర్డు ధరలో ఓ మూలకు రాదు.

పనిలో పనిగా ఇంకొకటి. పెద్ద విడిభాగాలు కదలకుండా ఫ్యాక్టరీలో పసుపు రంగు గమ్ము పోస్తారు. ఏళ్ళు గడిచి వేడికి అది ముదురు గోధుమ రంగుకు తిరిగితే కరెంటు పారనిస్తుంది, డయోడు కాళ్ళను తినేస్తుంది. వెదురు పుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. దాని కింద పచ్చబడ్డ కాళ్ళు కనిపిస్తే ఆ విడిభాగం కూడా మార్చాలి.

లోకల్‌గా అసెంబుల్ చేయించిన 5.1 ఆంప్. వూఫర్‌కి వేసిన టీడీఏ 7294 ఐసీ మార్చిన వారం పది రోజులకే మళ్ళీ పోతోంది. ఇప్పటికి మూడు అయ్యాయి. డూప్లికేట్ ఐసీలు దొరుకుతున్నాయనా? (అమలాపురం)

డూప్లికేట్లు బజారులో ఉన్న మాట నిజమే. అసిటోన్ దూదితో రుద్దితే పైన అచ్చు చెరిగిపోయి కింద ఇంకో గీత కనిపించిందంటే అది వేషం వేసిన సరుకే. కానీ మూడు వరసగా పోయాయంటే ముందు అనుమానించాల్సింది ట్రాన్స్‌ఫార్మర్‌ని. దాని మీద ఎంత రాసుందో చూడండి. 28-0-28 అని ఉంటే చిక్కు దొరికినట్టే.

28 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే 1.414 రెట్లు అవుతుంది, డయోడ్ల కింద ఒక వోల్టు పోగా ఇటు 38.6, అటు 38.6. ఇది కరెంటు 230 ఉన్నప్పటి లెక్క. ఊళ్ళో మోటార్లన్నీ ఆగిన అర్ధరాత్రి 250కి ఎక్కితే 42 అవుతుంది. ఈ ఐసీ పనిచేస్తూ ఉండగా తట్టుకునేది ప్లస్ 40, మైనస్ 40 వరకే. అది కూడా 8 ఓముల స్పీకర్‌కి సుమారు 35తో వాడాలని తయారీదారు డేటాషీటులో ఉంది. 4 ఓముల వూఫర్ కడితే 27 దాటించకూడదు. అసెంబుల్డ్ సెట్లలో వూఫర్లు ఎక్కువగా 4 ఓములవే. 'వాట్లు ఎక్కువ రావాలి' అని ట్రాన్స్‌ఫార్మర్ పెంచడమే ఐసీల చావుకొస్తోంది. 4 ఓములకు 20-0-20 వేయించండి. 20ని 1.414తో గుణించి ఒకటి తీస్తే సుమారు 27. ఆ ఐసీ 4 ఓముల మీద 70 వాట్లు ఇచ్చేది ఆ వోల్టేజి దగ్గరే, హాలుకు అది ధారాళం.

రెండో అనుమానం మైకా. ఈ ఐసీ వీపు మీది లోహపు రేకు మైనస్ సప్లైకి లోపల కలిసి ఉంటుంది. హీట్‌సింక్ ఛాసిస్‌కి తగులుతూ ఉంటే మధ్యలో మైకా ముక్క, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి. బిగించాక రేకుకీ హీట్‌సింక్‌కీ మధ్య మీటరు బీప్ అనకూడదు. తెల్ల పేస్టు మైకాకు రెండు పక్కలా పలుచగా, కాగితం మందాన చాలు. వెన్న పూసినట్టు పూస్తే వేడి దాటదు.

కొత్త ఐసీ పెట్టాక నేరుగా ప్లగ్గులో పెట్టకండి. ఫేజు తీగలో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో కట్టి, స్పీకర్ విప్పేసి ఆన్ చెయ్యండి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిది. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది, బల్బు దయవల్ల ఐసీ బతికే అవకాశం ఉంది, ఆపి వెతకండి. మసకబారాక స్పీకర్ కనెక్షన్ మీద డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. 100 దాటితే అనుమానం. వోల్టుల్లో వస్తుంటే స్పీకర్ కడితే అది కాయిల్‌ను కాల్చేస్తుంది. పాత ఐసీలు చచ్చిన తీరు తెలుసుకోవాలంటే 14వ కాలికీ (అది అవుట్‌పుట్) 13కీ, మళ్ళీ 14కీ 15కీ మధ్య బీప్ చూడండి. రెండింట్లో ఒక పక్క షార్ట్ అయితే ఆ ఐసీ పోతూ పోతూ వూఫర్‌లోకి పూర్తి డీసీ పంపే ఉంటుంది. కాయిల్‌ను కూడా కొలవండి. సగం కాలిన కాయిల్ 2 ఓములకు పడిపోయి ఉంటే నాలుగో ఐసీ కూడా దాని పాలే.

వూఫర్‌లో సన్నగా గుంయ్‌మని మోత. సౌండ్ తగ్గించినా అంతే. ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు ఇంకా పెరుగుతుంది. (నరసాపురం)

వూఫర్ వెనక ఆర్‌సీఏ తీగ (రిసీవర్ నుంచి సిగ్నల్ తెచ్చేది) పీకేయండి. మోత అలాగే ఉంటే జబ్బు పెట్టె లోపల, ముఖ్యంగా ఫిల్టర్ కెపాసిటర్లలో. ఆగిపోతే తీగదో, ఎర్తు లూప్‌దో.

లూప్ అయితే తీగ మళ్ళీ పెట్టి, సెట్‌టాప్ బాక్సుకి వచ్చే కేబుల్‌ని పీకి చూడండి. చాలా ఇళ్ళలో మోత అక్కడే ఆగుతుంది. కేబుల్ టీవీ తీగ తొడుగు ఎక్కడో స్తంభం దగ్గర ఎర్తయి వస్తుంది, మీ ఇంటి ఎర్తు వేరు, ఆ రెంటి మధ్య తేడా కరెంటు మీ ఆర్‌సీఏ తీగ గుండా పారుతుంది. కేబుల్ టీవీకైతే కోయాక్స్ ఐసొలేటర్ అని చిన్న ముక్క పెట్టవచ్చు. డిష్ కేబుల్‌కి అది పెట్టకండి, డిష్ మీది ఎల్ఎన్‌బీకి 13, 18 వోల్టుల కరెంటు ఆ తీగలోనే వెళ్ళాలి, తెగిపోతుంది. అక్కడ టీవీ నుంచి రిసీవర్‌కి ఆప్టికల్ తీగ వాడితే ఎర్తు కలిసే దారే ఉండదు. మోత ఆపడానికి మూడో పిన్ను విరిచేసే వైద్యం ఒకటుంది. లోపల ఫేజు ఛాసిస్‌కి తగిలిన రోజున అదే ప్రాణం తీస్తుంది, చెయ్యకండి.

ఇన్వర్టర్ సంగతి వేరు. మీది బహుశా స్క్వేర్ వేవ్ రకం (కరెంటు అల గుండ్రంగా కాక చదరంగా ఉండేది). దాని మీద ట్రాన్స్‌ఫార్మరే పైకి వినిపించేలా గుర్రుమంటుంది, వేడీ ఎక్కుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ కొనేదాకా కరెంటు పోయినప్పుడు వూఫర్ ఆపేయడమే మార్గం.

సముద్రం దగ్గర ఇల్లు. కొన్న రెండేళ్ళకే బోర్డు మీద పచ్చటి మరకలు. ఏం రాయాలి? (అంతర్వేది)

ఉప్పు పొరను ముందు కడిగాకే ఏదైనా రాయాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి టూత్‌బ్రష్‌తో రెండుసార్లు రుద్ది, ఫ్యాను గాలికి ఒక పూట ఆరబెట్టండి. పచ్చబడ్డ టంకాలు పీల్చేసి కొత్తవి పెట్టండి. అప్పుడు కన్‌ఫార్మల్ కోటింగ్ (బోర్డును చెమ్మ నుంచి కాపాడే పొర) స్ప్రే రెండు పలుచటి కోట్లు. కనెక్టర్లు, వాల్యూం కంట్రోళ్ళు, రిలే, హీట్‌సింక్ ముందే మాస్కింగ్ టేపుతో మూసేయండి. మరకల మీదే స్ప్రే కొడితే తుప్పును లోపల పెట్టి తాళం వేసినట్టే. స్టాండ్‌బైలో పుట్టే వేడి కెపాసిటర్లకు చేటని పైన చెప్పాం గానీ, మీలాంటి చోట వానాకాలంలో వారానికి రెండు మూడుసార్లు ఓ గంట మోగించండి, ఆ వేడికి చెమ్మ పోతుంది. చీమలు, బల్లులు దూరకుండా పలక చుట్టూ ఉన్న ఫోమ్ సీలు సరిగా ఉందో చూడండి. ఆ సీలు పోతే బాస్ కూడా పోతుంది.

చెరువుల మీద ఏరేటర్లు తిరిగేటప్పుడు 170, తెల్లవారుజామున 255 వోల్టులు. స్టెబిలైజర్ ఎంతది పెట్టాలి? తక్కువ వోల్టేజి వల్లే ఆంప్ పోతుందా? (ఆకివీడు)

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్‌ని తక్కువ వోల్టేజి చంపదు. సౌండ్ తగ్గుతుంది, తగ్గిందని మీరు వాల్యూం పెంచితే సిగ్నల్ అల తల తెగి (క్లిప్పింగ్) వూఫర్ కాయిల్ వేడెక్కుతుంది. ఎస్ఎంపీఎస్ రకాలు తక్కువ వోల్టేజికి ఎక్కువ కరెంటు లాగి మెయిన్ ట్రాన్సిస్టర్‌ను వేడెక్కిస్తాయి. అసలు హంతకి ఎక్కువ వోల్టేజి, అందులోనూ న్యూట్రల్ తెగినప్పుడు వచ్చేది. స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడితే లోడు తక్కువున్న ఫేజు ఇళ్ళలోకి 300 పైన వచ్చి పడుతుంది. మీ ఇంట్లో ఫ్యాను పిచ్చిగా తిరుగుతూ పక్కింట్లో లైట్లు గుడ్డిగా ఉంటే ఆలోచించకండి, మెయిన్ ఆపి 1912కి ఫోన్ చెయ్యండి.

100 వాట్ల ఆంప్ నిండుగా మోగినా లాగేది సుమారు 200 వీఏ. టీవీ, రిసీవర్ కలుపుకుంటే 500 వీఏ రిలే స్టెబిలైజర్ చాలు, సర్వో (మోటారుతో సర్దే) రకం అక్కర్లేదు. కొనేటప్పుడు మూడు చూడండి: ఇన్‌పుట్ 150 దాకా దిగినా పనిచెయ్యాలి, 270 పైన పూర్తిగా కట్ చెయ్యాలి, కరెంటు తిరిగొచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగి ఇవ్వాలి. 230 మీద ఆరు శాతం అటూ ఇటూ, అంటే 216 నుంచి 244 దాకా ఇవ్వడం కరెంటు సంస్థ బాధ్యత. 255 రోజూ వస్తుంటే తేదీ, టైము, రీడింగు రాసి ఫిర్యాదు పెట్టండి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ ఒక మెట్టు మార్చితే వీధంతటికీ సర్దుకుంటుంది.

హై వోల్టేజికి పోయిన బోర్డులో ఫ్యూజు గాజు నల్లగా మాడి ఉంటుంది. పక్కనే బిళ్ళలా ఉండే వేరిస్టర్ (ఎక్కువ వోల్టేజిని తన మీద వేసుకునేది) పగిలి ఉంటే దానిదే త్యాగం. 14డీ471 అని అడిగి తెచ్చి వేసి, ఫ్యూజు అదే ఆంపియర్లది, టీ గుర్తు ఉన్న స్లో బ్లో రకం పెట్టి సీరీస్ బల్బు మీద చూడండి. ఫ్యూజు చోట రాగి తీగ చుట్టిన వూఫర్లు ఇప్పటికీ రిపేరుకు వస్తుంటాయి. వాటిలో ఫ్యూజుతో పోవాల్సింది ట్రాన్స్‌ఫార్మర్‌తో పోతుంది.

వరదకి లంకలో మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. వూఫర్ ఒక రాత్రంతా మునిగింది. ఎండబెట్టి పెట్టొచ్చా? (పి.గన్నవరం మండలం)

ఎండబెట్టినంత మాత్రాన పెట్టకండి. వరద నీటిలోని ఒండ్రు ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మధ్యా, ఐసీ కాళ్ళ మధ్యా పేరుకుని ఉంటుంది, ఎండాక కూడా చెమ్మ పీలుస్తుంది. పలక విప్పి, బోర్డును మంచినీటితో, తరవాత ఆల్కహాల్‌తో కడగండి. ట్రాన్స్‌ఫార్మర్ విప్పి నీడన వారం పది రోజులు, ఆ పైన 60 వాట్ల బల్బు పక్కన మూసిన డబ్బాలో రెండు రోజులు ఆరబెట్టండి. మోటారు మెకానిక్‌ల దగ్గర మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఉంటుంది. దానితో ప్రైమరీకీ సెకండరీకీ, ప్రైమరీకీ ఇనుముకీ మధ్య 500 వోల్టుల మీద చూపించండి. 2 మెగోముల కన్నా తక్కువ వస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆశ వదులుకోండి. రిలే, స్విచ్చి, మునిగిన ఎలక్ట్రోలిటిక్‌లు కొత్తవే వెయ్యాలి.

పెట్టె సంగతి ఇంకా కష్టం. ఎండీఎఫ్ (చెక్కపొడి పలక) నీళ్ళు తాగి ఉబ్బితే అతుకులు విచ్చుకుంటాయి, మళ్ళీ దగ్గరకు రావు. కాగితపు కోను కూడా వంకర తిరుగుతుంది. ఆంప్ బతికితే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో లోపలి కొలతలు అవే ఉంచి కొత్త పెట్టె కట్టించుకోండి. లోపలి ఘనపరిమాణం, గాలి గొట్టం పొడవు మారకూడదు.

వూఫర్ నుంచి కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. స్పీకరా, ఆంపా? (తణుకు)

స్పీకర్ తీగలు విప్పి కొలవండి. 4 ఓములదైతే మీటరులో 3 నుంచి 3.6 దాకా, 8 ఓములదైతే 5.5 నుంచి 7 దాకా చూపాలి. ఏమీ చూపకపోతే కాయిల్ తెగింది. సరిగా చూపితే కోను రెండు పక్కలా అరచేతులు ఆనించి మెల్లగా నొక్కి వదలండి. గరగరమంటే కాయిల్ ఉబ్బి అయస్కాంతానికి రాసుకుంటోంది, దాంతో ఇంకా మోగించకండి. రెండూ బాగుంటే పెన్‌సెల్ తీగలు ఒక్క క్షణం తగిలించండి, కోను టక్‌మని కదలాలి.

స్పీకర్ పోయిందంటే ఆంప్‌ని అనుమానించక తప్పదు. అవుట్‌పుట్‌లో డీసీ కొలవకుండా కొత్తది కడితే అరనిమిషంలో అదే వాసన వస్తుంది. కాయిల్ మళ్ళీ చుట్టించేటప్పుడు పాత కాయిల్ వ్యాసం, తీగ మందం, ఎన్ని వరసలో అవే కావాలని అడగండి. 4 ఓముల చోట 8 ఓములది పెడితే పవర్ సుమారు సగానికి తగ్గుతుంది, ఆంప్‌కి హాని లేదు. 8 చోట 4 పెట్టే ముందు ఆంప్ వెనక 4 ఓములు అని రాసి ఉందో లేదో చూసుకోండి.